ఉత్తరాన గోదావరికి పోయే బాట

జూన్ 14, 1987. ఆదివారం

ఇల్లు చూశాను. మంథని పాత వీధిలో. డంగు సున్నం గోడలు, టేకు దూలాలు, ముందర అరుగు, వెనక బావి, బావి వెనక గోదావరికి పోయే బాట. వీధిలోంచి లోపలికి రెండే మెట్లు. మొదట లెక్కపెట్టింది అవే. కిరాణా దుకాణం మీద నేనూ మా అమ్మాయి లతా ఉంటున్న కిరాయి గదికి పద్దెనిమిది. నడుము దెబ్బతిన్న మనిషిని అక్కడికి ఎలా ఎక్కించను?

చూపించింది నర్సింగరావు గారు. ఉండేది కరీంనగర్‌లో. ఇల్లు ఆయన తండ్రి కట్టించింది. లోపల ఆయన అక్క రుక్మిణమ్మ, అరవైకి దగ్గర, ఒక్కతే. మమ్మల్ని చూసి చాప పరిచింది.

"ఈమె బడి టీచరమ్మ, అక్కా. ముందటి రెండర్రలు కిరాయికి అడుగుతున్నది" అన్నాడాయన.

కిరాయికా? నేను కొనడానికి కదా వచ్చింది... ఆయన వైపు చూశాను. ఆయన బావి వైపు చూస్తున్నాడు.

జూన్ 15

పొరపాటున అని ఉంటాడు. అంతే అయి ఉంటుంది.

జూన్ 21. ఆదివారం. మందమర్రి

బస్సులు మారి లతతో వచ్చాను. మా ఆయన మంచం మీదే. బొగ్గుబాయిలో కప్పు కూలి ఏడు నెలలు. మంచిరోజైతే కర్ర పట్టుకుని నాలుగడుగులు వేస్తాడు. నొప్పి వచ్చిన రోజు పక్కకు ఒత్తిగిలడానికి కూడా ఇంకొకరు కావాలి. నేను లేని ఆరు రోజులూ పక్క క్వార్టర్ వాళ్ళే అన్నం పెడుతున్నారు. ఇక పనికి రాడని డాక్టర్లు రాసిచ్చారు కాబట్టి క్వార్టర్ ఖాళీ చేయాలట. ఆగస్టు పది లోపు. ఆ కాగితం దిండు కింద దాచాడు. దుప్పటి మారుస్తుంటే దొరికింది.

ఇల్లెలా ఉందని అడగలేదు. "మెట్లెన్ని?" అన్నాడు.

"రెండు."

"బాయి ఉన్నదా? నీళ్ల బాయి?"

"ఉన్నది. వెనక."

"అయితే తీస్కో" అన్నాడు. చూడకుండానే.

జూన్ 28

బయానా ఇచ్చాం. ఈయన నడుముకు కంపెనీ ఇచ్చిన డబ్బంతా అందులోనే. నర్సింగరావుతో కాగితం రాసుకున్నాం. ఆగస్టు పద్నాలుగు లోపు రిజిస్ట్రేషన్ కావాలి. మా వైపు నుంచి ఆలస్యమైనా, ఆయన వైపు నుంచి ఆలస్యమైనా సరే, బయానా తిరిగి రాదు. ఆ వాక్యం రెండుసార్లు చదివాను. చదివి కూడా సంతకం పెట్టాను.

"రుక్మిణమ్మకు చెప్పిండ్రా సార్?" అడిగాను.

"చెప్త. నేనే చెప్త. పానం మంచిగుంటలేదు ఆమెకు, ఒక్కపారే చెప్తే తట్టుకోదు. మీరు నోరు జారకుండ్రి టీచరమ్మా."

తల ఊపాను.

జూలై 3. శుక్రవారం

బడి వదిలాక ఆ వీధిలోంచి రాకూడదు అనుకున్నాను. వచ్చాను. రుక్మిణమ్మ అరుగు మీద కూర్చుని ఉంది.

"పంతులమ్మా, ఎప్పుడొస్తున్నరు? అర్రలు ఊడ్పిచ్చి పెట్టిన."

ఇల్లంతా తిప్పి చూపించింది. గాలివాన వస్తే ఏ మూల తడుస్తుందో, ఏ తలుపు కొంచెం పైకెత్తి మూయాలో. బావి దగ్గర ఆగి గిలక ఒకసారి తిప్పింది. వంటింటి పక్క చిన్న గది ఆమెది. మంచం, ట్రంకు పెట్టె. పంతొమ్మిదేళ్ళప్పుడు అత్తవారింటి నుంచి ఆ పెట్టెతోనే తిరిగొచ్చిందట. ఎందుకని నేను అడగలేదు. తనే అంది, "వాళ్లు పంపిండ్రు, నేనొచ్చిన. గంతే." ముప్పై ఎనిమిదేళ్ళు. తండ్రి పోయింది ఈమె చేతుల మీదే, తల్లి పోయింది ఈమె చేతుల మీదే. తమ్ముడు పెళ్ళి చేసుకుని కరీంనగర్ పోయాడు.

"బిడ్డకు గీ కిటికీ అర్ర ఇద్దాం. చదువుకుంటది."

ఇద్దాం. నన్ను కలుపుకొని అంటోంది.

జూలై 4

చెప్పలేదు.

జూలై 12

లత రోజూ అక్కడికే పోతోంది. రుక్మిణమ్మకు చూపు మసక. పిల్లే సూదిలో దారం ఎక్కించి ఇస్తుంది, పద్యాల పుస్తకం చదివి పెడుతుంది. నిన్న నాకు భయమేసి పిల్లకు అసలు సంగతి చెప్పాల్సి వచ్చింది, ఎక్కడ ఇల్లు కొంటున్నామని అనేస్తుందోనని.

"మనం కొన్నంక ఆమె యాడుంటది అవ్వా?"

"వాళ్ల తమ్ముడు తీస్కపోతడు."

"ఆమెకెరికేనా?"

"నువ్వేం మాట్లాడకు. గంతే."

లత ఇవ్వాళ అటు పోలేదు. కడుపునొప్పి అంది. జ్వరం లేదు, ఏమీ లేదు.

జూలై 19. ఆదివారం. మందమర్రి

సామాను కట్టడం మొదలుపెట్టాడు. మంచం మీద కూర్చునే, చేతికి అందినంత వరకు. గిన్నెలు గోనెసంచుల్లో. వద్దన్నా వినడు.

"బాయిల ఇరవై రెండేండ్లు నెత్తి మీద కప్పు జూస్కుంటనే పని జేసిన సరోజా. ఎప్పుడు గూల్తదో అని. ఇప్పుడు ఇంట్ల పండుకున్నా గట్లనే సూస్తున్న. గా ఇంటికి టేకు దూలాలు అంటివి గద... గప్పుడు నిద్రవడ్తదేమో."

ఆ ఇంట్లో ఉన్నామె సంగతి చెప్పాలనే వచ్చాను. గోనెసంచి మూతి బిగించి కట్టి ఇచ్చాను.

జూలై 26. ఆదివారం

నర్సింగరావు మా గదికి వచ్చాడు. కూర్చోలేదు. సంచిలోంచి స్టాంపు కాగితం తీశాడు.

"ఇల్లు మా బాపుది గద. ఆమెకు గూడ వంతు ఉన్నదట, రిజిస్ట్రేషన్‌ల అడుగుతున్నరు. వదులుకుంటున్న అని ఆమె దస్కత్ గావాలె. మీరు జర తీస్కోండ్రి."

"నేనా?"

"నేనడిగితే వంద మాటలు అడుగుతది. మీరంటే నమ్మకం. ముసలోళ్ల పింఛన్ కాయిదం అని చెప్పుండ్రి. దస్కత్ అయినంక ఆఫీసుకు నేను తీస్కపోత."

"నాతోని గాదు సార్."

"మీ ఇష్టం. పద్నాలుగు దాటితే బయానా సంగతి మీకెరికే."

కాగితం కుర్చీ మీద పెట్టి వెళ్ళిపోయాడు. పిలిచి తిరిగి ఇచ్చేయొచ్చు. మెట్లు దిగుతున్న చెప్పుల చప్పుడు వింటూ నిలబడ్డాను.

జూలై 27

కాగితం బడిసంచిలో ఉంది, పిల్లల తెలుగు నోట్‌బుక్కుల మధ్య. ఎనిమిదో తరగతిలో ఒకే పాఠం రెండుసార్లు మొదలుపెట్టాను. పిల్లలు నవ్వారు.

జూలై 29

పోయాను. సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. చాయ్ ఇచ్చింది. తాగాను. వచ్చేశాను.

జూలై 30

మళ్ళీ పోవాలి. పెడితే పెడుతుంది, ఒక్క నిమిషం పని. ఆమె తమ్ముడి ఇంట్లో ఆమెకేం తక్కువ? కరీంనగర్‌లో పంకా ఉంది, కుళాయి ఉంది, కంటి డాక్టరున్నాడు... ఇవన్నీ ఎవరికి చెప్పుకుంటున్నాను?

ఆగస్టు 1. శనివారం

ఒంటిపూట బడి. మధ్యాహ్నం పోయాను. లతను తీసుకుపోలేదు.

ఆమె బియ్యం ఏరుతోంది. కాగితం తీశాను. "మీ తమ్ముడు ఇచ్చిండు. దస్కత్ పెట్టాల్నట."

"ఏం కాయిదం?"

"పింఛన్..." అన్నాను. అవును, అన్నాను. ఆ మాట నా నోటినుంచే వచ్చింది. ఇక్కడ రాయకపోతే మర్చిపోగలనేమో అని రాస్తున్నాను.

చేట పక్కన పెట్టి చేతులు తుడుచుకుంది. పెన్ను కూడా తీసుకుంది. అంతలో కాగితం నాకే తిరిగిచ్చి, "కండ్లు ఆనుతలేవు బిడ్డా. ఒకసారి చదువు. మా బాపు అంటుండె, చదువకుండ దస్కత్ పెట్టొద్దని" అంది.

ఏదో ఒకటి చదివేయొచ్చు. ఆమెకు అక్షరాలు కనిపించవు. నోరు తెరిచాను. పిల్లల ముందు చదివినట్టే చదివాను, ఉన్నది ఉన్నట్టు. నా తండ్రి గారి ఇంటిలో నాకు గల హక్కును నా ఇష్టపూర్వకంగా నా తమ్మునికి వదులుకుంటున్నాను, ఇకపై నాకు గానీ నా వారసులకు గానీ ఎట్టి సంబంధం లేదు. తర్వాత హద్దులు. తూర్పున అర్చకుల ఇల్లు. దక్షిణాన వీధి. పడమర ఖాళీ జాగా. ఉత్తరాన గోదావరికి పోయే బాట.

"మళ్ల చదువు" అంది.

చదివాను.

"నేను యాడున్న అండ్ల?"

"కింద. దస్కత్ కాడ."

"వీడు అమ్ముతున్నడా?"

"అమ్ముతున్నడు."

"ఎవలికి?"

కాగితం మడత పెట్టాను. "నాకే అమ్మా."

కోప్పడలేదు. తిట్టలేదు. తిడితే బాగుండేది. పెన్ను నా చేతికిచ్చి, చేట ఒళ్ళోకి లాక్కుని మళ్ళీ బియ్యం ఏరడం మొదలుపెట్టింది. నేను లేచి వచ్చేదాకా తల ఎత్తలేదు.

ఆగస్టు 2. ఆదివారం. మందమర్రి

ఈయనకు చెప్పాను. అంతా.

"నిన్నెవ్వలు సదువుమన్నరు?"

"ఆమెనే అడిగింది."

"నువ్వు గాకపోతే ఇంకోనితోని పెట్టిచ్చుకుంటడు ఆయన. ఇల్లు ఇంకోడు కొంటడు. ఆమె ఎట్లయినా పోవుడే. మనం గూడ పోవుడు. ఏమొచ్చింది?"

దుప్పటి అంచు సరిచేశాను.

"గవి నా నడుము పైసలు సరోజా."

గొంతు పెంచలేదు. "నన్ను గోడ దిక్కు తిప్పు" అన్నాడు. ఇవాళ తనంతట తాను తిరగలేడు. నా మొహం చూడకుండా ఉండటానికి కూడా నేనే కావాలి. భుజం కింద ఒక చెయ్యి, నడుము కింద ఒక చెయ్యి వేసి తిప్పాను.

ఆగస్టు 4

తలుపు వేసి ఉంది. అరుగు ఊడ్చి లేదు.

ఆగస్టు 5

వేసే ఉంది. పక్కింటి అర్చకుని భార్యను అడిగాను. "పొద్దుగల గోదావరి స్నానానికి పోయొస్తున్నది. మాట్లాడుతలేదు" అంది. ఊపిరి పీల్చుకున్నాను.

ఆగస్టు 6. గురువారం

బడికి వచ్చింది! స్టాఫ్‌రూం గుమ్మంలో నిలబడి నా కోసం అడుగుతోంది. నది దారి తప్ప వేరే దారి తొక్కని మనిషి, కనిపించినవాళ్ళనల్లా అడుగుతూ అంత దూరం వచ్చింది. వరండా చివరకు తీసుకుపోయాను.

"నువ్వు రాయాలె. నేను చెప్త."

"చెప్పండమ్మా."

"నా అర్ర, వంటిల్లు నాయి. నా పేరు మీద ఉండాలె. బాయి ఇద్దరిది. మిగిలిన ఇల్లు నువ్వు కొనుక్కో, దస్కత్ పెడ్త. వాడు పైసలు ఎంత తీస్కుంటడో నాకు అక్కెరలేదు."

"చచ్చేదాంక మీరు గండ్లనే ఉండుండ్రి అమ్మా, మేమేమంటం? గట్ల రాపిస్త..."

"నువ్వు ఉండమంటే ఉండుడు గాదు" అంది. మొదటిసారి గొంతు లేచింది. "ముప్పై ఎనిమిదేండ్లు ఒకలు ఉండమంటేనే ఉన్న."

రాశాను. ఎర్ర సిరా పెన్ను తప్ప చేతిలో లేదు, దానితోనే. కింద ఆమె దస్కత్ పెట్టింది. పెద్ద పెద్ద అక్షరాలు, తలకట్లన్నీ విడివిడిగా.

వంటిల్లు పోతే మాకు మిగిలేది ముందరి రెండు గదులు, కిటికీ గది, అరుగు. ధర మాత్రం అదే.

ఆగస్టు 9. ఆదివారం

మందమర్రి పోలేదు. కబురు పంపితే నర్సింగరావు పొద్దున్నే అక్క ఇంట్లో దిగాడు, నేనూ అక్కడే. ఎర్ర సిరా కాగితం చదివి మడతపెట్టి నా వైపు చూశాడు.

"టీచరమ్మా, మీకు ఇల్లు చూపెట్టుడే నా తప్పు."

"ఆమెనేమనకు. నాతోని మాట్లాడు" అంది రుక్మిణమ్మ.

"ఏం మాట్లాడాలె అక్కా? అంగడిల పెట్టినవ్ నన్ను. ముప్పై ఎనిమిదేండ్లు అన్నం పెట్టిన నీకు."

"వండింది నేను."

వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడిందామె.

"కరీంనగర్ రావా మరి? మా ఇంటికి?"

"ఎన్నడన్న రమ్మన్నవారా? పండుగకు పిలిచినవా? ఇప్పుడు ఇల్లు అమ్మెతందుకు పిలుస్తున్నవ్."

ఆయన కళ్ళు ఎర్రబడ్డాయి. కోపమో, ఇంకేమో. "బుధవారం ఆఫీసుకు రాండ్రి. రాపిచ్చుకొస్త" అని వెళ్ళిపోయాడు. ఏం రాయిస్తాడో చెప్పలేదు.

ఆగస్టు 10. సోమవారం

సెలవు పెట్టి మందమర్రి పోయాను. క్వార్టర్ తాళంచెవి ఇచ్చేశాం. లారీలో సామాను, సామాను మధ్య పరుపు, పరుపు మీద ఈయన. గుంత వచ్చినప్పుడల్లా పళ్ళు బిగించాడు. దుకాణం ముందు లారీ ఆగేసరికి మధ్యాహ్నం రెండు. పద్దెనిమిది మెట్లు. వసారాలో నాలుగు రోజులు పడుకోనివ్వమని దుకాణం ఆయనను ముందే అడిగి ఉంచాను. ఊ అన్నవాడు ఇప్పుడు ఎరువుల బస్తాలు వేసి పెట్టాడు. లారీ డ్రైవర్ హారన్ కొడుతున్నాడు.

లత ఎటో పరుగెత్తింది. తిరిగొచ్చి, "రుక్మిణమ్మ తీస్కరమ్మంటున్నది" అంది.

ఎలా పోను? ఏ మొహంతో? పోయాం. తలుపులు రెండూ తీసి ఉన్నాయి. ఈయనను ఇద్దరు పట్టి దింపారు. రెండు మెట్లు ఎక్కాడు. ముందరి గదిలో పరుపు పరిచాను.

"దొరసాని, తప్పయింది" అన్నాడు ఈయన.

"కిరాయికి అన్నడు గద మా తమ్ముడు. కిరాయికే రాండ్రి" అంది. లోపలికి పోయింది. ఎసరు పెట్టిన చప్పుడు వినిపించింది.

ఆగస్టు 11

ఈయన రాత్రంతా పడుకున్నాడు. నేను లేచేసరికి దూలాల వైపు చూస్తున్నాడు.

"ఆమె అడిగింది న్యాయమే" అన్నాడు. దూలాల మీంచి చూపు తిప్పకుండానే, "మరి మనం అడిగింది?"

ఆగస్టు 12. బుధవారం

రిజిస్ట్రేషన్ ఆఫీసు. పొద్దున పదకొండు నుంచి బల్ల మీద మేం ముగ్గురం. నర్సింగరావు, నేను, మధ్యలో ఆమె. మా వంతు వచ్చేసరికి నాలుగు దాటింది. ఆయన రాయించుకొచ్చిన పత్రం పన్నెండు పేజీలు. ఆయన సంతకం పెట్టాడు, నేను పెట్టాను. పత్రం ఆమె ముందుకు జరిగింది.

జరిగిన పత్రాన్ని నా ముందుకు జరిపింది. "చదువు."

"పొద్దుగల్నే చెప్పిన గదా అక్కా, నువ్వన్నట్టే ఉన్నది..." అన్నాడు తమ్ముడు.

నేను సంతకం పెట్టేముందే చదివాను. ఏడో పేజీ. చదివి, పెట్టాను. ఆమె నన్ను అడగదేమో అనుకున్నాను. అడగకపోతే బాగుండు అనుకున్నాను.

ఏడో పేజీ చదివాను. రుక్మిణమ్మ గారు వెనక వైపు గల అర్ర, వంటింటిలో తమ జీవితకాలం నివసించుటకు కొనుగోలుదారుకు ఎట్టి అభ్యంతరం లేదు.

"నాదని రాసిండా? ఉండమని రాసిండా?"

నర్సింగరావు నా వైపే చూస్తున్నాడు. గుమస్తా గడియారం చూస్తున్నాడు. ఇంట్లో ఈయన కిటికీ వైపు చూస్తూ ఉంటాడు. ఒక్క మాట. ఆమెకు అక్షరాలు ఆనవు.

"ఉండమని అమ్మా."

తల ఊపింది. గుమస్తా స్టాంపు ప్యాడ్ జరిపి, "ఏమ్మా, పెడ్తవా పెట్టవా? టైమయితున్నది" అన్నాడు.

"రేపు చెప్త" అని లేచింది.

బయట మెట్ల దగ్గర నర్సింగరావు నన్ను ఆపాడు. "రేపు, ఎల్లుండి. గంతే. బయానా కాయిదం నా జేబుల్నే ఉన్నది. పద్నాలుగు దాటితే ముందుగాల మీరు ఖాళీ చేయాలె, తర్వాత ఆమె." అక్కతో ఒక్క మాట కూడా అనకుండా బస్టాండు వైపు నడిచాడు.

ఇంటికొచ్చాక ఈయన, "ఏం జెప్పినవ్?" అన్నాడు.

"ఉన్నది చెప్పిన."

గోడ వైపు తిప్పమని మాత్రం అనలేదు.

ఆగస్టు 13. గురువారం. పొద్దున తొమ్మిది

తెల్లవారకముందే గోదావరికి పోయొచ్చింది. వంట చేసింది. ఈయనకు పెట్టింది, లతకు డబ్బా కట్టింది. నాతో మాట్లాడలేదు. ఇప్పుడు ఉతికిన చీర కట్టుకుని, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని అరుగు మీద కూర్చుంది. సంచిలో ఏముందో తెలియదు. బట్టలా, కాగితాలా? ట్రంకు పెట్టెకు తాళం వేసి ఉంది. ఎప్పుడూ వేయదు.

సంతకం పెడితే ఇల్లు మాది. మా ఇంట్లో, మా దయ మీద ఆమె. పెట్టకపోతే... ఈయన పరుపు ఎటు మోసుకుపోను? పెట్టాలని కోరుకుంటున్నానా? కోరుకుంటున్నాను. అవును. పెట్టొద్దని కూడా.

ఈయన కర్ర పట్టుకుని గుమ్మం దాకా వచ్చి నిలబడ్డాడు. ఇద్దరూ వీధిలోకి చూస్తున్నారు.

"పంతులమ్మా, పోదాం పా."

"వస్తున్నా అమ్మా."

"పెన్ను తీస్కో. నల్లది. ఆ కాయిదంల రాసేది ఉండొచ్చు."

ఇంట్లో ఉన్న నల్లపెన్ను ఇదొక్కటే. మూత పెడుతున్నాను.